పద్నాలుగో నంబరు అద్దం

ఆ సోమవారం మధ్యాహ్నం ఆ ఇంట్లో ఉన్నది ఆరుగురు. వెనకగదిలో మంచం మీద అమ్మమ్మ, గోడవైపు తిరిగి నిద్ర నటిస్తూ. వంటింట్లో అత్తయ్య, బంగాళదుంపల్ని పల్చటి చెక్కలుగా కోస్తూ. ఆ చెక్కలు కూరకి కాదు, కళ్ళ మీద పెట్టడానికి. ముందున్న రేకుల షెడ్డులో, అంటే వెల్డింగ్ షాపులో, మామయ్య. అదే షెడ్డులో ఒక మూల స్టూలు మీద కళ్ళు రెండూ మూసుకుని, తల వెనక్కి గోడకేసి కొట్టుకుంటున్న పెద్ద బావ. ఇంకో మూల గ్రైండరు ఆపేసి, జరగబోయేది ముందే తెలిసినవాడిలా నిలబడిన చిన్న బావ. ఆరోది, అప్పుడే కాలేజీ నుంచి పరుగున వచ్చి, చెప్పులు చేత్తో పట్టుకుని పక్కగుమ్మంలోంచి లోపలికి జారిన పిల్లి.

పిల్లి అంటే నాలుగు కాళ్ళది కాదు. మామయ్య చెల్లెలి కూతురు. ఊళ్ళో బడిచదువు ముగించి డిగ్రీకని ఈ ఇంటికి వచ్చింది. నడిస్తే చప్పుడుండదు, మాట్లాడితే అసలే ఉండదు. ఎవరైనా పిలిస్తే ముందుకి రావడానికి బదులు గోడకి ఆనుకుంటుంది. వచ్చిన కొత్తలో చిన్న బావ, “అమ్మా, పాలు ఎందుకు తగ్గుతున్నాయో కనిపెట్టా. ఇంట్లో ఒక పిల్లి తిరుగుతోంది” అన్నాడు. అందరూ నవ్వారు, ఆమె కూడా. ఆ పేరు అలా అతుక్కుపోయింది.

ఆ ఇంట్లో మాట కన్నా చెయ్యి ముందు లేస్తుంది. మామయ్య ఇనుముతో బతికినవాడు. ఇనుము మాట వినకపోతే కాల్చాలి, కాల్చినా వినకపోతే కొట్టాలి. మనుషులకి వేరే పద్ధతి ఉంటుందని ఆయనకి ఎవరూ చెప్పలేదు, చెప్పబోయినవాళ్ళు మధ్యలో ఆగిపోయారు. భోజనం చల్లారిందని ఆయన విసిరిన కంచం దెబ్బకి పడిన సొట్ట వంటింటి తలుపు మీద ఇప్పటికీ ఉంది. కొడుకులిద్దరూ తండ్రి దగ్గరే పనీ, కొట్టడమూ ఒకేసారి నేర్చుకున్నారు. తేడా ఒక్కటే. పెద్దోడికి కొట్టడం బాగా వచ్చింది, చిన్నోడికి పని బాగా వచ్చింది.

గొడవకి మొదలు అక్కడే. శనివారం ఒక పెద్ద గేటు పని వచ్చింది. ఆ గేటు చేయించుకునేవాళ్ళ ఎదురుగానే మామయ్య, “పైన వంపు తిరిగే భాగం మా చిన్నోడు అతుకుతాడులెండి. పెద్దోడి అతుకు కోడి గీకినట్టుంటుంది” అన్నాడు. వాళ్ళు నవ్వారు. పెద్ద బావ చేతిలో రాడ్డు వంగిపోయింది. వాళ్ళు వెళ్ళాక తండ్రి మీదికి వచ్చాడు.

“పదిమందిలో పరువు తియ్యకపోతే నిద్ర పట్టదా నీకు?”

“ఉంటేగా తియ్యడానికి.”

“ఒక్కసారి నాకివ్వు. ఆ వంపు నేను అతికి చూపిస్తా.”

“సరే. సోమవారం పొద్దున్నే నువ్వే అతుకు. బాగుంటే షాపు తాళం నీకు. చెడిందా, వాడికి. మళ్ళీ నా దగ్గర ఏడవకూడదు.”

చిన్న బావ పక్కనే అతుకు మీద పేరుకున్న చిట్టెం గీకుతూనే ఉన్నాడు. తాళం మీద అతనికి ఆశ ఉందో లేదో ఎవరూ అడగలేదు.

ఇక పిల్లి చదువు సంగతి. ఆమె చదివేది లెక్కలు. అయితే మొదటి ఏడాది అందరూ తమ గ్రూపు బయటి సబ్జెక్టు ఒకటి ఎంచుకోవాలి. ఆమె ఖగోళశాస్త్రం ఎంచుకుంది, నక్షత్రాల మీద మోజుతో కాదు. ఆ క్లాసులో తెర మీద బొమ్మలు చూపించడానికి లైట్లు ఆర్పేస్తారని ఎవరో చెప్పారు. చీకట్లో ఎవరి మొహం ఎవరికీ కనపడదు. లేపి నిలబెట్టి ప్రశ్నలడగరు. అంతకన్నా గొప్ప సబ్జెక్టు ఈ భూమ్మీద ఉండదనుకుంది.

పాఠం చెప్పే ఆవిడని పిల్లలు చుక్కల మేడమ్ అంటారు. పొట్టి మనిషి. బల్ల వెనక నిలబడితే తల ఒక్కటే పొద్దుపొడుపులా కనపడుతుంది. గొంతు మాత్రం మైకు అక్కర్లేనిది. మొదటిరోజు లైట్లు ఆర్పగానే ఆవిడ అన్న మాట పిల్లికి కంఠతా వచ్చేసింది.

“ఆకాశం ప్రశాంతంగా ఉంటుందని మీకెవరు చెప్పారు? అక్కడ క్షణం శాంతి లేదు. పగులుతుంటాయి, గుద్దుకుంటుంటాయి, ఒకదాన్నొకటి మింగేస్తుంటాయి. మనం దూరంగా ఉన్నాం కాబట్టి మిలమిలా మెరుస్తున్నట్టు కనపడుతుంది. ఎంత పెద్ద కొట్లాటైనా సరే, చాలా దూరం నుంచి చూస్తే అందంగానే ఉంటుంది.”

పిల్లి ఆ మాట ఇంటికొచ్చి డైరీలో రాసుకుంది. దానికింద ఇంకో ముక్క కూడా రాసింది. దగ్గరుండి చూసేవాళ్ళ మాటేమిటి?

అలా లైట్లు ఆర్పినందుకు వెళ్ళిన పిల్ల, మూడు నెలలయ్యేసరికి ఆ చీకటి కోసమే వారమంతా ఎదురుచూసే స్థితికి వచ్చింది. తక్కిన క్లాసుల్లో ఎక్కడో చివర కూర్చునేది, ఇక్కడ మాత్రం మొదటి వరసలో కూర్చునేది. ఊళ్ళో చెరకుతోట గట్టు మీద పడుకుని చూసిన చుక్కలు ఇన్ని రకాలుగా చస్తాయని ఆమెకి అంతవరకూ తెలియదు.

ఆ వారం సూర్యుడి మీద పెద్ద మచ్చ వచ్చింది. సరైన అద్దం ఉంటే దుర్భిణి అక్కర్లేకుండా మామూలు కంటికే కనపడేంత పెద్దది. మచ్చ ఎక్కడుందో ఆదివారం ఒక బొమ్మ, మళ్ళీ మంగళవారం ఒక బొమ్మ గీసి తెమ్మంది మేడమ్. మచ్చ జరిగితే సూర్యుడు తన చుట్టూ తాను తిరుగుతున్నట్టు.

“పుస్తకంలో ఉందని నమ్మకండి. మీ కంటితో చూసి నమ్మండి. అలాగని కళ్ళు పోగొట్టుకోకండి. చలవ కళ్ళద్దాలు, మసి పట్టించిన గాజు, ఎక్స్‌రే ఫిల్ము, ఇవేవీ పనికిరావు. వెల్డింగ్ అద్దాల్లో పద్నాలుగో నంబరు ఒక్కటే. అంతకన్నా తక్కువ నంబరు ముట్టుకోకండి. కాలేజీలో ఒకటుంది, ఆదివారం వచ్చి వరసలో నిలబడండి. ఇక్కడ ఎవరింట్లోనైనా వెల్డింగ్ షాపు ఉందా?”

పిల్లి చెయ్యి ఒళ్ళోనే ఉండిపోయింది. షాపు ఉంది. ఆ షాపులో పెద్ద ఇనప దిమ్మల్ని కోసేటప్పుడు వాడే పద్నాలుగో నంబరు అద్దం కూడా ఉంది, రేకు పెట్టెలో కాగితం చుట్టి. కానీ షాపుకి మామయ్య పెట్టిన చట్టం కూడా ఒకటుంది. “ఆడపిల్లవి, చదువుకోడానికొచ్చావు, చదువుకో. షాపులో మేకు ముట్టుకున్నా ఆ రోజుతో కాలేజీ సరి. సాయంత్రం బస్సుకి మీ అమ్మ దగ్గరికి.” మామయ్య చాలా విషయాల్లో మాట మార్చేవాడు గానీ, శిక్షల విషయంలో ఎప్పుడూ మార్చలేదు.

ఆదివారం కాలేజీ వరసలో నిలబడాలంటే ముందూ వెనకా మగపిల్లలు తోసుకుంటారు. ఆ వరస తలుచుకుంటేనే ఆమెకి చెమట పట్టింది. ఆ రోజు మామయ్య, పెద్ద బావ ఇనుము చూసిరావడానికి వెళ్ళారు. పిల్లి షెడ్డులోకి దూరింది.

అద్దం ఒక్కటీ చేత్తో పట్టుకుంటే బొమ్మ గీయడానికి చెయ్యి చాలదు. అందుకని మేకుకి వేలాడుతున్న పెద్ద బావ మాస్కు తీసుకుంది. తలకి తగిలించుకునేది. అందులో రోజువారీ పనికి పదకొండో నంబరు అద్దం ఉంది. దాన్ని తీసి పద్నాలుగు పెట్టాలి. ఆ అద్దాన్ని పట్టి ఉంచేది మామయ్య తన చేత్తో వంచిన స్ప్రింగు తీగ. ఆ ఇంట్లో మాస్కులన్నిటికీ అదే. దాన్ని విప్పడం ఆ ముగ్గురికి తప్ప ఇంకెవరికీ రాదు. కొత్తగా చెయ్యి పెట్టినవాళ్ళ బొటనవేలిని కొడవలిలా కోస్తుంది. పెద్ద బావకీ చిన్న బావకీ ఎడమ బొటనవేలి మీద ఒకేచోట ఒకేలాంటి నెలవంక గాటు ఉంది. మామయ్యకీ ఉంది. పిల్లి కిటికీలోంచి నెలల తరబడి చూసిన పనే కాబట్టి మొత్తానికి విప్పగలిగింది, కానీ తీగ ఆమెనీ వదిలిపెట్టలేదు. తీసిన పదకొండో అద్దాన్ని చేతిరుమాల్లో చుట్టి కాలేజీ సంచిలో వేసుకుని, బొటనవేలు నోట్లో పెట్టుకుని మేడెక్కింది.

మాస్కు దించగానే లోకం ఆరిపోయింది. గోడ లేదు, నీళ్ళ ట్యాంకు లేదు, తన చెయ్యి తనకే లేదు. తల అటూ ఇటూ తిప్పగా తిప్పగా ఆ కారునలుపులో లేతాకుపచ్చ బిళ్ళ ఒకటి దొరికింది. ఎడమ అంచుకీ నడిమధ్యకీ సగం దూరంలో, నువ్వుగింజలో సగమంత నలుసు.

ఆమె నోరు తెరుచుకుంది. “ఉంది!” అని పైకే అనేసింది.

“ఏముందే పిల్లీ? సూర్యుడికి అతుకులేస్తున్నావా?”

చిన్న బావ. ఆరిన బట్టలు తీసుకెళ్ళమని అత్తయ్య పంపింది. పిల్లి గోడకి ఆనుకుంది. అతను మాస్కు చూశాడు, ఆమె బొటనవేలు చూశాడు, పకపకా నవ్వాడు.

“ఓహో! మా ఇంటి ముద్ర నీకూ పడిందా. ఇక నువ్వూ వెల్డరువే. ఏదీ, నన్ను చూడనీ.” మాస్కు పెట్టుకుని చాలాసేపు తల ఎత్తి నిలబడ్డాడు. “ఆ నలుసేంటి? అద్దం మీద మురికా?”

“కాదు బావా. సూర్యుడి మీదే. భూమి కన్నా పెద్దది.”

“ఛా! ఆ నలుసా?”

“మంగళవారానికి జరుగుతుందంట.”

“జరిగితే?”

“సూర్యుడు తిరుగుతున్నట్టు.”

అతను మళ్ళీ మాస్కులోంచి పైకి చూశాడు. “ఎంత తిరిగినా ఎక్కడికెళ్తాడులే పాపం, మనలాగే, ఉన్నచోటే.” మాస్కు తీసి ఇచ్చాడు. “మంగళవారం నన్ను పిలువు. జరిగిందో లేదో నేను తేలుస్తా. మీ మేడమ్ మాట మీద నాకు నమ్మకం లేదు. ఇదిగో, కిందికెళ్ళగానే అన్న అద్దం వాడికి పెట్టెయ్. రేపు పొద్దున్నే వాడికి పరీక్ష. నేను చూళ్ళేదు, నువ్వు ముట్టుకోలేదు. సరేనా?”

“సరే బావా.”

ఆమె షెడ్డులోకి దిగిందో లేదో, “కుళాయి వచ్చింది! బిందెలు పట్టండే! ఎక్కడ చచ్చారు అందరూ?” అని అత్తయ్య కేక. పిల్లి మాస్కుని మేకుకి తగిలించి పరిగెత్తింది. బిందెలు నిండేసరికి మామయ్య వచ్చేశాడు. అయినా రాత్రిలోపు ఏదో ఒక వీలు చూసుకోవచ్చు. చూసుకోలేదు, ఎందుకంటే గుర్తే లేదు. ఆ రోజంతా ఆమె కళ్ళముందు ఆకుపచ్చ బిళ్ళ తప్ప ఇంకేమీ లేదు. అన్నం కలుపుతూ నవ్వుకుంది. అమ్మమ్మ, “ఏమే, దయ్యం పట్టిందా?” అని కూడా అంది.

సోమవారం క్లాసులో లైట్లు ఆర్పాక పెన్ను కోసం సంచిలో చెయ్యి పెడితే, చేతిరుమాలు మడతలో చల్లగా తగిలింది పదకొండో నంబరు అద్దం.

ఆమె లేచి నిలబడింది. అన్ని నెలల్లో మొదటిసారి క్లాసు మధ్యలో లేచి, అందరూ చూస్తుండగా, బల్లకి తుంటి కొట్టుకుని బయటికి పరిగెత్తింది.

అప్పటికే జరగాల్సింది జరిగిపోయింది. పొద్దున్నే పెద్ద బావ మాస్కు దించి రాడ్డు ముట్టించాడు. ఎప్పుడూ భగ్గుమనే మంట మిణుగురులా కనపడింది. కరిగే ఇనుము కనపడలేదు, అతుకు వెళ్ళే దారి కనపడలేదు. “నాన్నా, ఇవాళేంటో సరిగ్గా కనపడట్లేదు” అన్నాడు ఒకసారి. “ఆడలేక మద్దెల ఓడు అన్నాడంట, నీలాంటోడే ఎవడో” అన్నాడు మామయ్య. దాంతో పెద్ద బావ నోరు మూసుకున్నాడు. మళ్ళీ ఆ మాట అంటే తాళం పోతుంది. మాస్కు దించితే ఏమీ కనపడదు కాబట్టి పైకెత్తి చోటు చూసుకోవడం, రాడ్డు ముట్టించడం, ఆ తర్వాత దించడం. ఒక్కోసారి దించడం కూడా మానేశాడు. ఆ తెల్లటి మంటని ఒట్టి కళ్ళతో మింగాడు. అంతా అయ్యాక మామయ్య వచ్చి ఆ వంపు చూశాడు. పెద్ద సుత్తితో ఒక్కటిచ్చాడు, అతుకు రెండు ముక్కలైంది. తాళంచెవి తీసి చిన్నోడి మీదికి విసిరాడు.

ఆ తర్వాత మొదలైంది పెద్ద బావ కళ్ళ మంట. ముందు ఇసుక పడినట్టు, తర్వాత కారం పోసినట్టు. కళ్ళు తెరవలేడు, మూస్తే ఓర్చుకోలేడు. తల గోడకేసి కొట్టుకున్నాడు. మామయ్య అనుమానం వచ్చి మాస్కు తీసి, స్ప్రింగు తీగ విప్పి, అద్దాన్ని వెలుగుకి పెట్టి నంబరు చూశాడు.

పిల్లి పక్కగుమ్మంలోకి వచ్చేసరికి ఆయన అడుగుతున్నాడు.

“పద్నాలుగు దీంట్లోకి ఎలా వచ్చింది?”

గాలి పంపు మోటారు దడదడా మోగుతోంది.

“ఈ తీగ విప్పడం ముగ్గురికే వచ్చు. నేను పెట్టలేదు. వీడు తన కళ్ళు తానే పొడుచుకోడు.”

“వాడే నాన్నా!” పెద్ద బావ స్టూలు మీంచి లేచాడు. మూసిన కళ్ళలోంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి. “నన్ను గుడ్డోణ్ణి చేసి తాళం కొట్టేశాడు! ఏడ్రా వాడు? ఎక్కడున్నాడు?” చేతులు చాచి గాల్లో వెతుకుతూ వచ్చాడు. వంగిన రాడ్ల కట్ట కాలికి తగిలి పడ్డాడు, పడినచోటే చేతికి దొరికిన చిట్టెం సుత్తి విసిరాడు. అది చిన్న బావ భుజానికి తగిలి, వెనక రేకుకి తగిలి, రేకు గంటలా మోగింది. చిన్న బావ భుజం పట్టుకున్నాడు గానీ కదల్లేదు.

“నువ్వేనా?” అన్నాడు మామయ్య.

“నేను కాదు.”

“ఎవరో తెలుసా?”

చిన్న బావ తల తిప్పాడు. గుమ్మంలో పిల్లి నిలబడి ఉంది. అతను ఆమెని చూశాడు, రెప్పపాటే. తర్వాత చూపు పైకప్పు రేకులో ఉన్న చిల్లు వైపు మళ్ళించుకున్నాడు. అందులోంచి ఎండ సూదిలా దిగుతోంది.

“తెలీదు.”

అతనికి అబద్ధమాడటం రాదు. ఆ ఇంట్లో అది అందరికీ తెలిసిందే. మామయ్య చెంప మీద కొట్టాడు. ఇంకో చెంప మీద కొట్టాడు. పెదవి చిట్లి రక్తం గడ్డం మీదికి దిగింది. “పట్టపగలే చుక్కలు చూపిస్తా, చెప్పు!” అతను చెప్పలేదు. మామయ్య అతని కుడిచెయ్యి లాగి బల్ల చివర బిగించి ఉన్న వైసు దవడల మధ్య పెట్టాడు. ఇనుము కదలకుండా పట్టుకునే వైసు. పిడి ఒక్క తిప్పు తిప్పాడు. చెయ్యి ఇరుక్కుంది.

“ఇంకో తిప్పుకి నొప్పి పుడుతుంది. ఆ తర్వాత తిప్పుకి ఏమవుతుందో నువ్వే చూస్తావు. చెప్పు.”

పిల్లి పిడికిట్లో పదకొండో నంబరు అద్దం ఉంది. ఒక్క మాట అంటే చాలు. ఆ మాట గొంతు దాకా వచ్చింది. దాని వెనకే సాయంత్రం బస్సు కనపడింది, ఊళ్ళో వాకిలి కనపడింది, మళ్ళీ ఎన్నటికీ ఆర్పని క్లాసు లైట్లు కనపడ్డాయి. మంగళవారం బొమ్మ కనపడింది. మామయ్య భయపెట్టడానికే చేస్తున్నాడు, నిజంగా తిప్పడు, కన్నతండ్రి కదా అనుకుంది. ఆయన తిప్పాడు.

చిన్న బావ పళ్ళ మధ్యనుంచి గాలి వచ్చింది. కేక కాదు, గాలి.

వెనకగదిలోంచి అమ్మమ్మ, “ఒరేయ్, కడుపున పుట్టినోడురా!” అని అరిచింది.

“నువ్వు పడుకోమ్మా!”

“నేనే” అంది పిల్లి.

మోటారు చప్పుడులో ఎవరికీ వినపడలేదు. ఆమె గొంతు అంతే. జీవితమంతా తగ్గించుకుంటూ వచ్చిన గొంతు, కావలసినప్పుడు పెరగమంటే పెరగలేదు. ఇంకోసారి అంది. మూడోసారి లోపలికి దూకి, మోటారు తీగ పీకిపారేసి అరిచింది.

“నేనే మామయ్యా! అద్దం నేనే మార్చా! బావ కాదు!”

ఆ నిశ్శబ్దంలో అందరూ ఆమెని మొదటిసారి చూస్తున్నట్టు చూశారు. అత్తయ్య బంగాళదుంప చెక్కల కంచంతో గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

“నువ్వా?” మామయ్య నవ్వాడు. “నిప్పురవ్వ పడితే పక్కింటికి పారిపోతావు. నువ్వు ఆ తీగ విప్పావా? ఎలుక తరఫున పిల్లి సాక్ష్యానికొచ్చిందర్రా!”

“నిజం మామయ్యా. సూర్యుణ్ణి చూడ్డానికి. కాలేజీలో...”

“సూర్యుణ్ణి చూడ్డానికంట!” అన్నాడు. అంతలో ఆ నవ్వు ఆరిపోయింది. కొడుకు మొహం చూశాడు, మేనకోడలి మొహం చూశాడు. “నువ్వెందుకు వాడి కోసం తల పెడుతున్నావు?”

“అదా సంగతి!” పెద్ద బావ నేల మీంచి లేచాడు. “ఇద్దరూ కలిసే చేశారు! తాళం వాడికి, ఇల్లు దానికి! నాకు గుడ్డిచూపు!” గొంతు వచ్చినవైపు, బల్ల అంచు తడుముకుంటూ వచ్చాడు. తమ్ముడి మెడ కోసం చెయ్యి చాచాడు. ఆ చేతికి దొరికింది వైసు పిడి. అది పిడి అని అతనికి తెలుసు. పుట్టినప్పటి నుంచి పట్టుకున్న పిడి. ఒంటి బరువంతా వేసి లాగాడు.

తడిగుడ్డలో చుట్టిన కుండపెంకు తొక్కితే వచ్చే చప్పుడు వచ్చింది. అప్పుడు అరిచాడు చిన్న బావ.

పిల్లి పిడికిలి విప్పింది. అద్దం బల్ల మీద పెట్టింది, దాని పక్కనే తన ఎడమ బొటనవేలు పెట్టింది. నిన్నటి గాటు ఇంకా ఎర్రగా ఉంది, నెలవంకలా. మామయ్య ఆ గాటు వైపు చూశాడు. తన బొటనవేలి వైపు చూసుకున్నాడు. పెద్ద బావని మెడ పట్టి అవతలికి విసిరాడు, గేటు ముక్కల మీద పడ్డాడు అతను. పిడి వెనక్కి తిప్పాడు. ఆ వెనక్కి తిప్పడానికి కూడా చిన్న బావ అరిచాడు. చెయ్యి బయటికి వచ్చింది గానీ, చూపుడువేలూ నడిమివేలూ ఎముక నలిగి, చర్మాన్ని పట్టుకుని వేలాడాయి.

మామయ్య తిరిగి పిల్లిని కొట్టాడు. ఒక్కటే దెబ్బ. చెవి బల్లకి కొట్టుకుని ఆమె కింద పడింది. ఆ ఇంట్లో రోజూ ఎవరో ఒకరు ఇంకొకరికి చూపిస్తామనే చుక్కలు ఆమె ఆ రోజు చూసింది. మేడమ్ చూపించిన వాటిలా లేవు. వాటికి శబ్దం ఉంది.

“ఇందాకే చెప్పుంటే ఏం పోయిందే? ఇందాకే చెప్పుంటే!” ఆయన అరుస్తున్నాడు. ఇంకో దెబ్బకి చెయ్యి ఎత్తాడు. ఆ చెయ్యి దిగలేదు. అత్తయ్య చేతిలో కంచం ఆయన నుదుటికి అడ్డంగా తగిలింది. బంగాళదుంప చెక్కలు షెడ్డంతా చెల్లాచెదురుగా పడ్డాయి.

“తిప్పింది నువ్వు! ముందు పెట్టి తిప్పింది నువ్వు!” పాతికేళ్ళలో ఆవిడ చెయ్యెత్తడం అదే మొదలు. ఇంకోసారి కొట్టింది. మామయ్య కొట్టించుకున్నాడు. ఆవిడ చీరకొంగు చింపి కొడుకు చేతికి చుట్టింది, ఆ గుడ్డ చుట్టగానే ఎర్రబారిపోయింది.

మంగళవారం పొద్దున్నకి పెద్ద బావ కళ్ళు తెరిచాడు. వెల్డింగ్ మంట కొట్టిన కళ్ళు రెండు రోజుల్లో సర్దుకుంటాయి, అది అందరికీ తెలిసిన విషయమే. చిన్న బావ వేళ్ళు సర్దుకోవని ఆస్పత్రిలో చెప్పారు. అతుక్కుంటాయి, వంగవు. రాడ్డు పట్టుకునే వేళ్ళు అవే.

మామయ్య మాట మార్చలేదు. “సాయంత్రం బస్సు” అన్నాడు, ఆమె వైపు చూడకుండా. నుదుటి మీద కంచం అంచు గీత ఉబ్బి ఉంది. పిల్లి సంచి సర్దుకుంది. అమ్మమ్మ, “వెళ్ళొస్తానని ఎవరికీ చెప్పకే. అడిగేవాళ్ళు లేరు” అంది గోడవైపే తిరిగి.

షెడ్డు మూసి ఉంది. నిన్న మామయ్య విసిరిన తాళంచెవి లోపల బల్ల కిందే పడి ఉంది, ఎవరూ తియ్యలేదు. పిల్లి పక్కగుమ్మంలోంచి లోపలికి వెళ్ళింది. వైసు దవడల్ని ఎవరో కడిగారు, సరిగ్గా కడగలేదు. దాని కింద చిట్టెంలో పద్నాలుగో నంబరు అద్దం పడి ఉంది. ఒక మూల పెచ్చు లేచింది, నడుమ గీత లేదు. ఇప్పుడు ఏది ముట్టుకున్నా అడిగేవాళ్ళు లేరు.

మేడ మీద ఎండ మొన్నటిలాగే ఉంది. అద్దాన్ని రెండు చేతులతో కళ్ళకి అడ్డం పెట్టుకుని తలెత్తింది. నలుపు. ఆ నలుపులో ఆకుపచ్చ బిళ్ళ. నలుసు కోసం మొన్నటి చోటు వెతికింది. అక్కడ లేదు. మళ్ళీ వెతికింది. దాదాపు నడిమధ్యకి వచ్చేసింది.

తిరుగుతోంది. అంత పెద్దది, ఎవరి ఇంట్లో ఏం జరిగినా ఆగకుండా, చల్లగా తిరుగుతోంది.

ఈ బొమ్మ గీసి ఇవ్వడానికి ఇక క్లాసు లేదు. ఈ మాట వినాలనుకున్నవాడు ఈ లోకంలో ఒక్కడే ఉన్నాడు. ఆ ఒక్క ఆలోచనతో మెట్లు దిగింది, మంచిదో చెడ్డదో తూచకుండా. చిన్న బావ గది తలుపు సగం తెరిచి ఉంది. అతను గుమ్మం దగ్గరే నిలబడి ఉన్నాడు, తెల్లటి కట్టులో చెయ్యి గుండెలకి ఆనించుకుని. ఆమె మెట్లు దిగడం వినే లేచినట్టున్నాడు. పిల్లి అడుగు వినపడేది ఆ ఇంట్లో అతనికొక్కడికే.

ఆమె చేతిలో అద్దం చూశాడు.

“జరిగిందా?”

“జరిగింది బావా. మధ్యకొచ్చింది. చూస్తావా?” ఆమె అద్దం ముందుకి చాచింది.

అతను అందుకోలేదు. ఆమె మొహంలోకి చూశాడు. ఆ చూపులో కోపం ఉంటే బాగుండేది.

“నిన్న ఆ గుమ్మంలో నిలబడి, ఎన్నో తిప్పుకి నోరు తెరిచావే?”

ఆమె పెదవులు కదిలాయి. ఎప్పటిలాగే చప్పుడు రాలేదు.

“నువ్వు చెప్తావని నేను పైకి చూస్తూ నిలబడ్డా” అన్నాడు. “నా నోటితో నీ చదువు పోకూడదని.”

ఎడమచేత్తో తలుపు పట్టుకున్నాడు. అలవాటు లేని చెయ్యి. మొదటిసారి తలుపు గడపకి తట్టుకుంది. ఆమె సాయం పట్టబోయింది. అతను మోకాలితో నెట్టి, భుజం ఆనించి, ఆమె మొహం మీద తలుపు వేసేశాడు.